ప్రశ్నలు – జవాబులు: లీజరు పీరియడు ఎవరిది?

ప్రశ్న: మా నాయనగారు బైలడిలా ఇనుపగనులలో ఉద్యోగి, మా స్వస్థలము విజయనగరము వైపు. నేను ఇక్కడ పదునొకండవ తరగతి చదువుచున్నాను. టైంటేబిలులో మాకు వారమునకు మూడు లీజరు పీరియడ్లు ఉన్నవి. అందు రెంటిని లెక్కల మాస్టారు తీసికొనిరి. మూడవదానిలో నోరు మెదపక కూర్చుండవలెనని ఆజ్ఞ. ప్రిన్సిపాలుగారో, మాకు పాఠశాలపై అభిమానమే లేదని, మన జట్టు ఆడుచున్నప్పుడు చప్పట్లు కొట్టుటయైనను ఎరుగమని, ప్రతి ఉదయము ప్రార్థన వేళ మందలింతురు. ఆ అభిమానమును మేము ఎక్కడనుండి తెచ్చుకొనవలెను?
— ఒక విద్యార్థి, కిరండూలు

జవాబు: చిరంజీవీ, నీవు రెండు ఫిర్యాదులు వ్రాసితినని తలచితివి గాని, అవి రెండును ఒక్కటే. ఏ పిల్లవానికి పాఠశాలలో తనదని చెప్పుకొనుటకు ఒక గడియగాని, ఒక మూలగాని, ఒక పనిగాని లేదో, వానితో ‘ఈ పాఠశాల నీది’ అని మైకులో ఎన్నిమార్లు పలికినను ఆ మాట చెవి దాటి లోనికి పోదు. అద్దె యింటి గోడకు సొంత డబ్బుతో సున్నము వేయించువాడు అరుదు గదా!

మీ ఊరికి ఈ చిక్కు మరికొంత ఎక్కువ. 1968 నాటికి గని పని ప్రారంభమై, ఖనిజము కొత్తవలస మీదుగా విశాఖపట్నపు రేవునకు రైలెక్కి పోవ మొదలిడినది మొదలు, ఆ గనిని నమ్ముకొని నలుదిక్కులనుండి కుటుంబములు వచ్చి చేరినవి. రిటైరైన మరునాడే సామాను కట్టుకొని స్వగ్రామమునకు పోవుదమని పెద్దలు రోజూ అనుకొనుచుండగా వినుచు పెరిగిన పిల్లలకు, ఊరే మజిలీవలె తోచునప్పుడు, ఊరిలోని పాఠశాల వేరుగా ఎట్లు తోచును? ఈ సంగతిని మందలించువారు కొంచెము ఆలోచింపవలసి యున్నది.

అయితే తీరిక వేళను పిల్లల చేతిలో పెట్టినచో ఏమగునో చూచుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. బస్తరు మురియా గిరిజనుల పల్లెలలోని ఘోటుల్ అను యువజనశాలను గూర్చి మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1947లో ఒక పెద్ద గ్రంథమునే ప్రకటించెను. పట్టణములనుండి వచ్చి పోవు వ్రాతగాండ్రు పలువురు ఆ సంస్థలో రాత్రి పడిన తరువాతి సంగతులనే కన్నులింత చేసికొని చూచి, తక్కినదానిని వదలివేసిరి; ఆ వ్రాతలు నాకు ఎన్నడును రుచింపలేదు. నిజమునకు అచ్చటి విశేష మేమనగా, పొలము పనియు ఇంటి పనియు ముగిసిన పిదప మిగిలిన వేళ పెద్దల అధీనమున గాక పిల్లల అధీనముననే యుండెడిది. చెలిక్‌లనబడు బాలురును మోతియారీలనబడు బాలికలును సిర్దారు, దివాను, తహసీలుదారు మొదలగు సంస్థానపు హోదాల పేళ్ళను తమలో తామే పంచుకొని, ఎవరి పని వారికి నిర్ణయించుకొనెడివారు. మోపులోనికి తన వంతు కట్టె తేని బాలుడు, ఊడ్పు పనికి ఎగనామము పెట్టిన బాలిక తోటివారికే సంజాయిషీ చెప్పుకొని, వారు వేసిన శిక్షనే అనుభవింపవలసి యుండెడిది. ఆ కట్టెపుల్లను మోసికొని వచ్చిన పిల్లవానికి ఆ శాలపై అభిమానము కలుగవలెనని ఎవ్వరును ఉపన్యసించిన జాడ లేదు. ఇప్పుడు చాలచోట్ల ఆ సంస్థ క్షీణించినది. అది వేరు కథ.

కనుక నీవు చేయవలసిన దిది. ప్రిన్సిపాలుగారి యొద్దకు ఫిర్యాదుతో పోక, పదిమంది సహాధ్యాయులతో సంతకములు చేయించిన ఒక విన్నపముతో పొమ్ము. మూడు పీరియడ్లనుగాక ఒక్కదానినే అడుగుము. ఆ ఒక్కదానికి గ్రంథాలయపు బీరువా తాళపుచెవిని, పుస్తకములిచ్చు రిజిస్టరును మీ చేతి కిమ్మని కోరుము. ఎవరు ఏ పుస్తకము తీసికొనిరో, ఎన్నడు తిరిగి యిచ్చిరో మీరే వ్రాయుడు. ఎఱ్ఱధూళి కమ్మిన అట్టలను మీరే తుడువుడు. ఒక గోడపత్రికను వ్రేలాడదీసి, తెలుగు, హిందీ, హల్బీ భాషలలో ఎవరికి వచ్చినది వారు వ్రాయుడు. గనిలో తొలి తరమున పనిచేసిన తాతలు ఇంకను ఉన్నచో, వారిచేత ఆనాటి ముచ్చట్లు చెప్పించి అందులో కెక్కింపుడు. తాళపుచెవి పోయినచో సంజాయిషీయును మీదే. లెక్కల మాస్టారిపై కోపగింపకుము. బోర్డు పరీక్షాఫలితములకు నిలదీయబడువాడు ఆయనయే.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదవ తరగతి. బడిలో రోజుకు రెండు మూడు పీరియడ్లు ఖాళీయేనని, చాల సంతోషముగా ఉన్నదని చెప్పుచున్నాడు. మేమును సంతోషింపవచ్చునా?
— ఒక తండ్రి, భోపాలపట్నము

జవాబు: సంతోషింపవలదు. పై విద్యార్థి అడిగినది తీరిక. మీవానికి దొరకుచున్నది ఉపాధ్యాయుని లేమి. ఏ సబ్జెక్టు పీరియడు ఖాళీగా పోవుచున్నదో తేదీలతో సహా ఒక నోటుపుస్తకములో వ్రాసికొమ్మని వానికే చెప్పుడు. ఆ పుస్తకమును బడి యాజమాన్య సంఘము ముందుంచి, తీర్మానము చేయించి, బీజాపూరు జిల్లా విద్యాధికారికి పంపుడు. నోటిమాటకు లేని బరువు తేదీలకు ఉన్నది.

ప్రశ్న: మా అమ్మాయి బడి విడిచిన తరువాత ఖోఖో అభ్యాసమునకు నిలిచిపోవుచున్నది. చదువు పాడగునని మా బంధువులు అనుచున్నారు.
— ఒక తల్లి, జగదల్పూరు

జవాబు: అమ్మా, మీ పట్టణమునకు సమీపముననే డిమ్రాపాల్‌లో వినోబా శిష్యుడగు ధర్మపాల్ సైనీగారు 1976లో గిరిజన బాలికలకై ఆశ్రమము నెలకొల్పిరి. చదువుతోపాటు పరుగు నేర్పుట అచ్చట ఆచారమై, ఆ బాలికలు క్రీడలలోనే ఎక్కువ పేరు తెచ్చుకొనిరి. ఆయనకు 1992లో పద్మశ్రీ లభించినది. నారాయణపూరు మల్లకంబపు పిల్లలు 2023లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ పోటీలో గెలిచిన సంగతి మీ బంధువులును టీవీలో చూచియే యుందురు. 2024లో మొదలైన బస్తరు ఒలింపిక్సులో ఖోఖో కూడ ఉన్నది.

చదువు విషయమున నాకు భయము లేదు గాని, చీకటి విషయమున కలదు. అభ్యాసము ఎన్ని గంటలకు ముగియునో, దారిలో అమ్మాయిలు ఎవరెవరు కలిసి వత్తురో, ముగియువరకు ఉపాధ్యాయిని ఒకరైనను మైదానమున నిలుతురో బడికి పోయి మీరే అడిగి తెలిసికొనుడు. జవాబు సరిగా లేనిచో, ఆట మాన్పింపక, అభ్యాసమును ఒక గంట ముందుకు జరుపుమని తక్కిన తల్లులతో కలిసి పట్టుబట్టుడు. అందుకు లీజరు పీరియడును వాడుకొనవచ్చును.