తలుపు చప్పుడు రాయడం మరిచాను

మా హాస్టలు మిత్రుడొకడికి పుట్టుకతోనే వినికిడి లేదు. క్రిందటేడు వార్షికోత్సవంలో వేసిన నాటకం వీడియో తీశాం గదా, వాడి కోసం సంభాషణలన్నీ టైపుచేసి దానికి కూర్చాను. అంతా చూసి వాడు కాగితం మీద ఒక్క ప్రశ్న రాశాడు: "మూడో రంగంలో తల్లి ఎందుకు ఉలిక్కిపడింది?"

తెర వెనుక తలుపు చప్పుడయింది. అది నేను రాయలేదు! భాష రానివాడికి మాటలు రాసిస్తే సరిపోతుంది, అది సబ్‌టైటిలు. వినపడనివాడికి చప్పుళ్ళూ రాయాలి, అది క్యాప్షను. ఈ తేడా నాకు ఆ కాగితం వల్లనే తెలిసింది.

సరే, ఈ అక్షరాలను ఎక్కడ పెట్టాలి? బొమ్మ మీదే అచ్చువేస్తే పప్పన్నం కలిపేసినట్టే, మళ్ళీ విడదీయలేం. వేరే ఫైలుగా ఉంచితే పెన్‌డ్రైవులోకి ఎక్కించేటప్పుడు సరిగ్గా అదే తప్పిపోతుంది. మూడో దారి మన టిఫిన్ క్యారియరు వంటిది. బొమ్మకొక గిన్నె, ధ్వనికొక గిన్నె, అక్షరాలకొక గిన్నె, అన్నీ ఒకే ఫైలులో. దీన్నే కంటెయినర్ అంటారు. ఎవరైనా చదివి వాడుకోదగ్గ బహిరంగ పద్ధతుల్లో ఓగ్, మత్రోస్కా, వెబ్‌ఎమ్ ముఖ్యమైనవి. మత్రోస్కా 2002 డిసెంబరులో మొదలైంది. బొమ్మలో బొమ్మ ఇమిడే రష్యా కొయ్యబొమ్మల పేరు దానికి పెట్టారు. 2024లో దాని నిర్దేశం ఆర్‌ఎఫ్‌సి 9559గా వెలువడింది. 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌ఎమ్ అందులోంచి తీసుకున్న ముక్కే.

ఇక్కడే అసలు చిక్కు. బొమ్మ సెకనుకు 24 సార్లో 25 సార్లో మారుతుంది. కొత్తది రాగానే పాతది పోతుంది. అక్షరాలు అలా కాదు. ఒక మాట తర్వాత అరనిమిషం మౌనం ఉండవచ్చు. పాత మాటను తుడిచేందుకు కొత్తది రాదు. అందుకని మత్రోస్కాలో ప్రతి క్యాప్షనుకూ మొదలయ్యే క్షణంతో పాటు నిడివి కూడా రాస్తారు. అదయినా చాలదు. ఆరు సెకన్ల మాట మధ్యలోకి మనం దూకామనుకోండి, దాని మొదలు మూడు సెకన్ల వెనకే ఉండిపోయింది, ప్లేయరుకు అక్కడొక మాట ఉన్న సంగతే తెలియదు. కాబట్టి ఫైలులోని సూచికలో క్యాప్షన్లనూ, వాటి నిడివినీ చేర్చే ఏర్పాటు ఉంది. చేర్చని ఫైళ్ళూ ఉంటాయి. చూసేవాడు ప్లేయరును తిట్టుకుంటాడు పాపం.

మన తెలుగుకు ఇంకో అవస్థ. యూటీఎఫ్-8లో 'క' మూడు బైట్లు, 'క్ష' తొమ్మిది. అది ఇబ్బంది కాదు, సినిమా బొమ్మ ముందు ఆ బరువెంత? ఇబ్బంది ఫాంటుతో. నా మొదటి ప్రయత్నం ఇంకొక కంప్యూటరులో వేస్తే అక్షరాలన్నీ డబ్బాలయ్యాయి. చివరకు ఏఎస్‌ఎస్ పద్ధతిలో రాసి, ఫాంటు ఫైలును కూడా మత్రోస్కాలోనే జతచేశాను. (పంచుకునేందుకు అనుమతి ఉన్న ఫాంటే సుమా!) ట్రాకుకు తెలుగు అన్న గుర్తూ, వినికిడి లేనివారి కోసమన్న గుర్తూ పెట్టాను.

ఈసారి మూడో రంగంలో 'తలుపు చప్పుడు' అని తెరమీద పడింది. వాడు మళ్ళీ కాగితం తీశాడు: "ఇంతకీ కొట్టింది ఎవరు?"

అది నాటకం రాసినవారిని అడగమన్నాను.