పిల్లల గుండెలో గడ్డ – తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

గర్భిణీ స్కానింగులోగానీ, పుట్టిన తర్వాత ఎకో పరీక్షలోగానీ "బిడ్డ గుండెలో గడ్డ ఉంది" అని తెలియగానే క్యాన్సర్ అనుకొని కుంగిపోకండి. ఈ జబ్బు చాలా అరుదు. పిల్లల్లో వచ్చే ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. గ్రహణం వల్లనో, దిష్టి వల్లనో ఇవి రావు. తల్లిని నిందించకండి.

గడ్డల్లో రకాలు

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రాబ్డోమయోమా. ఇది పుట్టిన తర్వాత మొదటి కొన్నేళ్లలో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఫైబ్రోమా అలా కరగదు. మిక్సోమా పిల్లల్లో అరుదు; ముక్కలు ఊడి రక్తంలో కలిసే ప్రమాదం ఉంది కనుక ఆపరేషన్ చేసి తీసివేస్తారు. రక్తం గడ్డకట్టినా, గుండెకు ఇన్ఫెక్షన్ వచ్చినా ఎకోలో గడ్డలాగే కనిపించవచ్చు.

పరీక్షలు

ఎకో పరీక్షలో నొప్పి ఉండదు. దానితోపాటు ఈసీజీ, అవసరమైతే ఎంఆర్ఐ చేస్తారు. రాబ్డోమయోమా ఉన్న పిల్లల్లో చాలామందికి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు సంబంధమైన జబ్బు ఉంటుంది. అందుకే మెదడు, మూత్రపిండాలు, కళ్లు కూడా పరీక్షిస్తారు. చర్మంపై ఆకు ఆకారంలో తెల్లమచ్చలు ఉన్నా, ఫిట్స్ వచ్చినా డాక్టరుకు తప్పక చెప్పండి.

చికిత్స

రక్తప్రసరణకు అడ్డు లేకుంటే, గుండె లయ సరిగా ఉంటే రాబ్డోమయోమాకు ఆపరేషన్ చేయరు, ఎకోలతో గమనిస్తారు. అడ్డు ఉంటే ఆపరేషన్, కొందరికి ఎవెరోలిమస్ మందు అవసరమవుతుంది. "ఆపరేషన్ వద్దు" అన్నారంటే "మళ్లీ రానవసరం లేదు" అని కాదు. బిడ్డ ఆడుకుంటున్నా, చెప్పిన తేదీకి ఎకో చేయించండి. ఫిట్స్ మందులు సొంతంగా ఆపకండి. వాతలు పెట్టించకండి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

పాలు తాగేటప్పుడు ఆయాసం, చెమటలు, పెదవులు నీలంగా మారడం, స్పృహ తప్పడం, గుండె మరీ వేగంగా కొట్టుకోవడం, ఫిట్స్, ఒక చేయి, కాలు పడిపోవడం. ఇంటాయన గల్ఫ్ నుంచి ఫోన్ చేసేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రయాణానికి ముందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి హైదరాబాదుకు పంపినప్పుడు అప్పు చేయడానికి ముందు ఆరోగ్యమిత్రను కలవండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ బిడ్డ చికిత్స అందులో వస్తుందా, ఏ ఆసుపత్రికి వెళ్లాలి అని అడగండి. పాత ఎకో రిపోర్టులన్నీ ఒకే ఫైలులో ఉంచి వెంట తీసుకెళ్లండి. గడ్డ పెరిగిందా, తగ్గిందా అన్నది వాటిని పోల్చి చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.