తాతగారి సానరాయి ఎక్కడిది?

ప్రశ్న: తాతగారి వడ్రంగి పెట్టెలో జిడ్డు పట్టిన సానరాయి దొరికింది. సహజమైనదేనా? బాగుచేయవచ్చా?
– ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

జవాబు: ముందు జిడ్డు వదిలించాలి. కిరోసిన్‌లో నానబెట్టి, గిన్నెల సబ్బుతో తోమితే అసలు రంగు బయటపడుతుంది. వేడి మాత్రం తగలనివ్వకూడదు, పగలవచ్చు.

అంచున గీకిన చోట నిమ్మరసం వేస్తే బుడగలొచ్చాయా? అది సున్నపురాయి; ఇళ్లలో పరిచే కడప రాయి ఆ కోవదే. బుడగల్లేకుండా, తెల్లగానో నల్లగానో నున్నగా ఉంటే అమెరికాలోని అర్కాన్సాస్ రాయి కావచ్చు. అది దాదాపు అంతా సిలికానే. లేత పసుపు పొరకు నీలిబూడిద పొర అంటుకుని ఉంటే బెల్జియం కోటిక్యూల్ అనుకోవచ్చు. అందులో పదును పెట్టేవి సూక్ష్మమైన గార్నెట్ రేణువులు. నార్టన్ ‘ఇండియా’ రాయి మాత్రం పేరుకే మనది. అల్యూమినియం ఆక్సైడ్‌తో ఫ్యాక్టరీలో చేసింది.

గుంట పడితే గాజు పలకపై సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్లు వేసి రుద్దాలి. తడి ఆరనివ్వకండి, సిలికా ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. పెట్టె మీద పాత లేబుల్ ఉంటే దయచేసి చెరపకండి.