పసిబిడ్డకు అనుబంధాహారము: పంచాయతీల బాధ్యత

తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు గల దీవి శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న ఇచ్చటి నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరినది. నాటి నుండి ఈ పేరు దేశమంతట వినబడుచున్నది. ఈ దీవిలోను, చుట్టునున్న సూళ్లూరుపేట, తడ ప్రాంతములలోను చేపల వేటతో, కూలిపనితో జీవించు కుటుంబములు అనేకము కలవు. ఆ యిండ్లలో ఆరు నెలలు దాటిన పసిబిడ్డ ఏమి తినుచున్నదో పంచాయతీ సభ్యులు విచారింపవలెను. రెండేండ్లలోపు కుంటుపడిన పెరుగుదలను తరువాత సరిదిద్దుట మిక్కిలి కష్టము.

ఎప్పుడు మొదలుపెట్టవలెను?

ఆరు నెలలు నిండు వరకు తల్లిపాలే చాలును. మంచినీరు కూడ అక్కరలేదు. ఆ పిమ్మట పాలు మాత్రమే చాలవు. పుట్టునాటికి బిడ్డ శరీరములో నిలువయున్న ఇనుము అప్పటికి తరిగిపోవును. ఆడుబిడ్డకు ఐదవ నెలలోను, మగబిడ్డకు ఆరవ నెలలోను అన్నప్రాశన చేయు ఆచారము పలుచోట్ల కలదు. కాని ఆడుబిడ్డ కడుపు మగబిడ్డ కడుపు కంటె ముందుగా సిద్ధము కాదు. ఇద్దరికిని ఆరు నెలలు నిండిన పిదపనే ఆ వేడుక జరుపుట మేలు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు: వేడుకనాడు ఒక ముద్ద తినిపించి, తరువాత నెలల తరబడి పాలతోను, గంజినీళ్లతోను సరిపుచ్చుట. గంజినీరు కడుపు నింపును గాని బలము నీయదు.

ఏమి పెట్టవలెను? ఎంత పెట్టవలెను?

మొదట రెండు మూడు చెంచాలతో ప్రారంభించి క్రమముగా హెచ్చింపవలెను. చెంచా వంచినను వెంటనే జారిపోనంత చిక్కగా ఆహారముండవలెను. తల్లిపాలు గాక, 6 నుండి 8 నెలల బిడ్డకు దినమునకు సుమారు 200 కేలరీలు, 9 నుండి 11 నెలల బిడ్డకు 300, రెండవ యేట 550 కేలరీల ఆహారము కావలెను. తొలుత రోజుకు రెండు మూడు మారులు, తొమ్మిదవ నెల దాటిన పిదప మూడు నాలుగు మారులు పెట్టవలెను. రెండేండ్ల వరకు, ఆపైనను తల్లిపాలు మానరాదు.

రెండు పాళ్లు బియ్యము, ఒక పాలు పెసరపప్పు వేరువేరుగా వేయించి, పిండి చేసి ఉంచుకొని, పూటకు కావలసినంత ఉడికించి, చెంచాడు నేయి గాని నూనె గాని కలుపవచ్చును. మెత్తగా ఉడికించిన మునగాకు, బాగుగా ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసి మెదిపిన తాజా చేప మంచి బలము నిచ్చును. ఉప్పుచేప పసివారికి తగదు. వేరుసెనగలు గింజలుగా పెట్టినచో గొంతున అడ్డుపడును. అడవితేనె మంచిదని నాకించు అలవాటు కలదు. ఏడాది నిండనిదే తేనె ఈయరాదు. దానివలన కండరములు చచ్చుబడు వ్యాధి రావచ్చును. జబ్బుపడినపుడు అన్నము మాన్పింపక కొంచెము కొంచెముగా పెట్టి, కోలుకొనిన పిదప కొన్నాళ్లు ఒక పూట అదనముగా పెట్టవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో స్త్రీశిశు సంక్షేమము పంచాయతీల విషయములలో చేర్చబడినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ఆరు నెలలు నిండిన బిడ్డకు అంగన్‌వాడి ద్వారా ఉచితాహారము పొందు హక్కు కలదు. కావున సభ్యులు:

1. ప్రతి నెల ఆరు నెలలు నిండు బిడ్డల పేర్లు అంగన్‌వాడి కార్యకర్త నుండి తెలిసికొనవలెను.

2. ఊరికి దూరముగా నున్న గిరిజన కాలనీలకు ఆ ఆహారము చేరుచున్నదో లేదో స్వయముగా చూడవలెను.

3. నెలనెల బిడ్డల బరువు తూచునట్లు చూచి, బరువు పెరగని బిడ్డను ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.

4. తల్లి పనికి పోయినపుడు బిడ్డకు ఎవరు తినిపింతురో విచారించి, ఆ అవ్వకు గాని అక్కకు గాని చేతులు సబ్బుతో కడుగుకొని పెట్టుట నేర్పింపవలెను.

5. ఉప్పునీటి ప్రాంతములలో త్రాగుటకు, వండుటకు మంచినీరు అందునట్లు చూడవలెను.

వీనిలో పలు పనులకు పెద్ద వ్యయము లేదు, శ్రద్ధ కావలెను. రాబోవు గ్రామసభలో రోడ్డు, వీధిదీపములతో పాటు పసిబిడ్డ గిన్నెను గూర్చియు ఒక మాట చర్చకు రావలెను.