కుటుంబ పాఠము: వేరు రీతిని ఎదుగు బిడ్డ

ధ్యాన భాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము, 1 నుండి 3 వచనములు

పుట్టుగ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు అది ఎవరి పాపఫలమని విచారించిరి. ప్రభువు ఆ నేరమును వానిమీద గాని వాని తలిదండ్రులమీద గాని మోపలేదు. మన పల్లెలలో నేటికిని అదే ప్రశ్న వినుచున్నాము. ఒక బిడ్డ బాగుగా మాటలాడును, చక్కగా చదువును. అయినను తోటివారితో కలియడు, ఎదుటివారి కన్నులలోనికి చూడడు, దినచర్యలో ఏ చిన్న మార్పు కలిగినను కేకలు వేయును. కొందరు దానిని పొగరందురు, కొందరు దయ్యమందురు, కొందరు తల్లి పెంపకమును నిందింతురు. ఈ మూడును సత్యములు కావు.

1. ఇది ఏమి?

1944లో వియన్నా నగరమందు హాన్స్ ఆస్పెర్జర్ అను పిల్లల వైద్యుడు ఇట్టి నలుగురు బాలురను గూర్చి వ్రాసెను. 1981లో లండనులోని లోర్నా వింగ్ అను వైద్యురాలు ఆయన పేరుతోనే దీనిని లోకమునకు తెలియజేసెను. ఆమెయు ఆటిజము గల కుమార్తెను పెంచిన తల్లియే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము ఆ పేరు విడిచి, దీనిని ఆటిజములోనే చేర్చెను. కావున వైద్యుడు ఆటిజమని వ్రాసినయెడల కలవరపడకుడి. ఇది మెదడు ఎదిగిన రీతిలోని భేదము. వంశానుగతముగా వచ్చుట అధికము. పెంపకమువలన గాని టీకాలవలన గాని రాదు. ఆడపిల్లలలోను ఇది కలదు. వారు తోటివారిని అనుకరించుటచేత త్వరగా బయలుపడదు.

2. బిడ్డకు లోకము ఎట్లు తోచును?

ఇట్టి బిడ్డ మాటను ఉన్నదున్నట్లు తీసికొనును. “ఒక్క నిమిషములో వత్తును” అని మనము గంట గడిపినచో, అబద్ధమాడితిమని తలంచును. ఆరాధనలో డోలు, మైకు ధ్వని మనకు ఆనందము. ఆ చెవులకు అది దెబ్బవలె నుండవచ్చును. చెవులు మూసికొని బయటికి పరుగెత్తుట భక్తిలేమి కాదు.

3. మనము చేయవలసినవి

(అ) మాట తిన్నగా చెప్పుడి. “అల్లరి చేయకు” అనుటకంటె “ఈ చాపమీద కూర్చుండు” అనుట మేలు.

(ఆ) పెండ్లి, పండుగ, ప్రయాణము ఉన్నయెడల, ఏది ముందో ఏది తరువాతో ముందు దినముననే చెప్పుడి.

(ఇ) కేకలు వేయునప్పుడు కొట్టకుడి, భయము హెచ్చును. నిమ్మళమైన చోటికి తీసికొనిపోయి, ఊరక దగ్గర నుండుడి.

(ఈ) బిడ్డకు ప్రియమైన సంగతి రైళ్లైనను నక్షత్రములైనను ఎగతాళి చేయకుడి. చదువును స్నేహమును ఆ ద్వారముననే ప్రవేశించును.

(ఉ) సంఘపెద్దలు తలుపు దగ్గర ఆ కుటుంబమునకు స్థలముంచవలెను.

4. సహాయము

ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపుడి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజమును చేర్చినది. దీనిని మాన్పు మందు లేదు. మాన్పుదుమని సొమ్మడుగువారిని నమ్మకుడి. ఓపికతో నేర్పినచో బిడ్డ ఎంతో నేర్చుకొనును.

ఇంటివద్ద ఆలోచించుటకు:

1. మన సంఘములో ఏ తల్లి ఇట్టి నిందకు వెరచి ఆరాధనకు రాకయున్నది?

2. ఈ వారము ఆమె యింటికి ఎవరు వెళ్లుదురు?