రాగి మాల్టుకు ఏ మర కొనవలెను?

రాగులను ఉత్తర కోస్తాలో చోళ్లు అనియు, తెలంగాణలో తైదలు అనియు అందురు. వీనిని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండిపట్టి మాల్టుగా అమ్మవలెనని పలువురు రైతులు, మహిళా సంఘములవారు ఉత్సాహపడుచున్నారు. మంచిదే. కాని అప్పు తెచ్చి మర కొన్న పిదప అది తగినది కాదని తేలినచో, మర మూలకు చేరును, అప్పు మాత్రము మిగులును.

మొదట గింజ స్వభావము తెలిసికొనవలెను. వడ్లవలె రాగులను దంచి పొట్టు తీయుట కుదరదు. పైపొర గట్టిగా అంటుకొని యుండును, లోపలి పిండి మెత్తగా నుండును. కనుక గింజనంతయు పిండి చేసి, పిదప జల్లించి తవుడు వేరుచేయవలెను. యవల మాల్టుతో బీరు కాచువారి అవసరము దీనికి విరుద్ధము. వారికి గింజ పగులవలెను గాని పొట్టు నలుగరాదు. ఆ పొట్టే తరువాత రసమును వడకట్టును. అందుచే వారు రెండు రోలర్ల నడుమ గింజను నలుపు మరలు వాడుదురు. చవకగా దొరికినదని అట్టి మరను రాగులకు కొనరాదు. ఇంత సన్నని గింజ సగము నలుగకయే జారిపోవును.

ఇంటి వాడుకకు తిరగలి చాలును. పిండి వేడెక్కదు, శ్రమ మాత్రము ఎక్కువ. అమ్మకమునకైనచో రాతిచక్రముల మర గాని, సుత్తుల మర (దీనినే పల్వరైజరు అందురు) గాని చూడవలెను. రాతిమరలో పిండి సన్నముగా వచ్చును. రాళ్లకు కొత్తగా గాట్లు కొట్టించినప్పుడు మాత్రము ముందు కొంత తవుడు పట్టి పారవేయవలెను. లేనిచో పిండిలో ఇసుక తగులును. సుత్తుల మరలో పిండి మెత్తదనము దాని జల్లెడను బట్టి యుండును. రాగి గింజ వ్యాసము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. జల్లెడ రంధ్రము 2 మిల్లీమీటర్లున్నచో కొన్ని గింజలు దెబ్బ తగులకయే బయటపడును. 1 మిల్లీమీటరు గాని, అంతకు తక్కువ గాని రంధ్రములున్న జల్లెడ అడుగవలెను. రంధ్రము సన్నమైన కొలది పని నెమ్మదించి పిండి వేడెక్కును, ఇది మరువరాదు.

అమ్మువాడు తన గోధుమలు పట్టి చూపును. ఆ పిండి చూచి మురియవద్దు. మీ మాల్టునే 5 కిలోలు తీసికొనిపోవలెను. అది పంట క్రింద టక్కున విరుగునట్లు ఎండి, మొలకలు నలిపి చెరిగినదై యుండవలెను. పట్టుటకు ముందు కిలోకు 30 నుండి 50 మిల్లీలీటర్ల నీరు చిలకరించి, కలిపి, పది నిమిషము లుంచినచో పైపొర పొడిపొడి కాక పెద్ద రేకులుగా విడిపోవును. వచ్చిన పిండిని తూచి, ఎంత తరుగు పోయినదో చూడవలెను. చిటికెడు వ్రేళ్ల మధ్య నలిపి చూడవలెను. అరచేతికి కాలునంత వేడి యున్నచో ఆ మర వద్దు. అయస్కాంతమును పిండిలో త్రిప్పినచో ఇనుపరజను ఉన్నదీ లేనిదీ తెలియును. పట్టిన పిండిని ఆరబెట్టి, చల్లారిన పిదపనే డబ్బాలో పోయవలెను.

తవుడంతయు పారవేయుట తెలివి కాదు. రాగులలోని సున్నము (కాల్షియము) లో పెద్ద భాగము పైపొరలోనే యున్నది. పసిబిడ్డల పిండిని సన్నగా జల్లించవలెను. పెద్దలకు ముతక జల్లెడ చాలును.

పసిబిడ్డల మాట వచ్చినది గనుక మరియొకటి. మొలకలో పుట్టు ఎంజైములు అంబలిని పలుచపరచును. అందుచే అదే గిన్నెడు అంబలిలో ఎక్కువ పిండి కలిపి బిడ్డకు పట్టవచ్చును. మాల్టును నల్లబడునట్లు వేయించినచో ఈ గుణము నశించును. కమ్మని వాసన వచ్చువరకు సన్నని సెగపై వేయించిన చాలును. మిరప, పసుపు పట్టిన మరలో బిడ్డల పిండి ఎన్నడును పట్టరాదు. ఊరి మరలో తప్పనిసరియైనచో ముందు రెండు మూడు కిలోల తవుడు పట్టి శుభ్రపరచవలెను.

మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా యని బేరమునకు ముందే అడుగవలెను. మీ కనెక్షను ఏదో చూచుకొననిదే బయానా ఇవ్వరాదు. సంఘమునకు మర కొనిపించు గ్రామాధికారులు ఈ విషయమును స్వయముగా విచారించుట మేలు. సుత్తులు, జల్లెడలు అరిగిపోవు వస్తువులు. అవి మీ దగ్గరి పట్టణములో దొరకునో లేదో కనుగొని, ఒక జల్లెడను అదనముగా మరతోనే తీసికొనవలెను.