నెట్‌వర్కు ఉద్యోగార్థులకు రౌటరు పాఠము

డిప్లొమా గాని ఇంజనీరింగు గాని ముగించి ఉద్యోగాన్వేషణలో నున్న యువతీయువకులు నెట్‌వర్కు రంగమును గూర్చి విచారించునప్పుడు మొట్టమొదట అడుగునది, రౌటరును కాన్ఫిగర్ చేయుటకు ఎన్ని కమాండులు కంఠస్థము చేయవలెనని. ప్రారంభదశలో నిత్యము వాడవలసినవి స్వల్పసంఖ్యాకములే; శ్రద్ధగల విద్యార్థి కొలది వారములలో వానిని స్వాధీనము చేసికొనగలడు. అయితే ఇంటర్వ్యూలో కూర్చున్న అనుభవజ్ఞుడు వెదకునది వేరొక శక్తి: ఒక కంప్యూటరునుండి బయలుదేరిన ప్యాకెట్టు ఏయే యంత్రములను దాటి గమ్యమును చేరుచున్నదో, దాని ప్రత్యుత్తరము ఏ మార్గమున తిరిగి వచ్చుచున్నదో, నడుమ ఆగినచో ఎందుకు ఆగినదో మనోనేత్రముతో చూడగల శక్తి. దానిని సంపాదించు క్రమమునే ఇచ్చట వివరింపదలచితిని.

రౌటరు రెండు వేర్వేరు నెట్‌వర్కుల నడుమ నిలిచి, తనకడకు వచ్చిన ప్రతి ప్యాకెట్టుయొక్క గమ్యమును చదివి, తన పట్టికలోని దారులలో తగినదానిని ఎన్నుకొని ఆ వైపునకు పంపును. ఆ గమ్యమును తెలుపునది 32 బిట్ల ఐపీ చిరునామా. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందును సొంతపేరు వెనుకను వచ్చునట్లే, ఈ చిరునామాలో నెట్‌వర్కును తెలుపు భాగము ముందును, యంత్రమును తెలుపు భాగము వెనుకను ఉండును. ఇంటిపేరు ఎక్కడ ముగియునో చెప్పునది సబ్‌నెట్ మాస్కు. 255.255.255.0 అను మాస్కులో మొదటి 24 బిట్లు నెట్‌వర్కువి; తక్కిన 8 బిట్లతో 256 చిరునామా లేర్పడగా, మొదటిది నెట్‌వర్కునకును చివరిది బ్రాడ్‌కాస్టునకును పోయి యంత్రములకు 254 దక్కును. ఈ గణితము నోటిలెక్కగా రానంతవరకు కమాండుల జోలికి పోరాదని నా దృఢాభిప్రాయము. అభ్యాసమునకు 10తో గాని, 192.168తో గాని మొదలగు చిరునామాలను వాడవలెను; 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అను పత్రము వీనిని సొంత నెట్‌వర్కుల కొరకే ప్రత్యేకించినది.

శిక్షణకు విరివిగా వాడబడు సిస్కో రౌటరునే ఉదాహరణముగా గైకొందము. సరిక్రొత్త రౌటరునకు చిరునామా యుండదు గనుక దానితో తొలి సంభాషణ కన్సోలు కేబులు ద్వారా జరుగవలసినదే. ల్యాప్‌టాపులో పుటీ వంటి ప్రోగ్రామును తెరచి వేగమును 9600గా నిర్ణయించి ఎంటర్ నొక్కగా రౌటరు పలుకును. '>' గుర్తు కనబడినప్పుడు మనకు కొన్ని వివరములను చూచు అధికారము మాత్రమే కలదు. 'ఎనేబుల్' అనిన పిమ్మట '#' గుర్తు వచ్చి పూర్ణాధికారము లభించును. 'కాన్ఫిగర్ టెర్మినల్' అనినప్పుడు గాని మార్పులు చేయ వీలుకాదు. ఏ మెట్టుపై నున్నామో ప్రాంప్టు సర్వదా చెప్పుచునే యుండును. అటుపిమ్మట 'హోస్ట్‌నేమ్'తో రౌటరునకు పేరును, 'ఎనేబుల్ సీక్రెట్'తో రహస్యపదమును ఇచ్చి, ఇంటర్‌ఫేసులోనికి ప్రవేశించి చిరునామాను, మాస్కును వ్రాయవలెను.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. సిస్కో స్విచ్చు పోర్టులు పుట్టుకతోనే తెరచియుండగా, రౌటరు ఇంటర్‌ఫేసులు మూయబడి యుండును; 'నో షట్‌డౌన్' అని ఆజ్ఞాపించినగాని అవి మేల్కొనవు. 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' అని చూచినప్పుడు 'అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్' అని కనబడినచో ఆ ఆజ్ఞ ఇయ్యలేదనియు, ఉత్త 'డౌన్' అని కనబడినచో కేబులును గాని అవతలి యంత్రమును గాని సందేహింపవలెననియు గ్రహింపవలెను. మార్పులన్నియు రన్నింగ్ కాన్ఫిగ్ రూపమున తాత్కాలిక స్మృతిలోనే నిలుచును. 'కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్' అని భద్రపరచనిచో కరెంటు పోయినంతనే శ్రమ యంతయు నశించును.

ఇక అసలైన పాఠమునకు వత్తము. విజయవాడ కార్యాలయమునకు 192.168.10.0 నెట్‌వర్కును, వరంగల్లు కార్యాలయమునకు 192.168.20.0 నెట్‌వర్కును కలవనియు, రెండు రౌటర్లను కలుపు లింకుకు విజయవాడ వైపున 10.0.0.1, వరంగల్లు వైపున 10.0.0.2 ఇచ్చితిమనియు అనుకొందము. విజయవాడ రౌటరులో 'ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.0.0.2' అని వ్రాసితిమి. అనగా వరంగల్లునకు పోవు ప్యాకెట్లను 10.0.0.2కు అప్పగింపుమని అర్థము. ఇప్పుడు విజయవాడ రౌటరునుండి వరంగల్లు కంప్యూటరునకు పింగ్ చేసినచో, అనగా జవాబు కోరు పరీక్షా ప్యాకెట్టును పంపినచో, జవాబు వచ్చును. విజయవాడ కంప్యూటరునుండి చేసినచో రాదు. ప్రారంభకుడు ఇచ్చటనే కలవరపడి, కేబుళ్లు మార్చి, రౌటరును మరల మరల ఆపి వెలిగించును. కారణ మేమనగా, రౌటరు తానుగా పంపిన పింగు 10.0.0.1 అను చిరునామాతో బయలుదేరును. ఆ నెట్‌వర్కు వరంగల్లు రౌటరునకు నేరుగా తగిలియున్నది గనుక ప్రత్యుత్తరమునకు దారి దొరకినది. కంప్యూటరు పంపిన ప్యాకెట్టు సైతము వరంగల్లును చేరినది, అచ్చటి కంప్యూటరు జవాబును ఇచ్చినది, కాని 192.168.10.0కు దారి యేదో వరంగల్లు రౌటరు ఎరుగదు గనుక ఆ జవాబును పారవైచినది. అవతలివైపున 'ఐపీ రూట్ 192.168.10.0 255.255.255.0 10.0.0.1' అని వ్రాయగానే పింగు పలుకును. పోవు దారియు, తిరిగివచ్చు దారియు వేర్వేరుగా చూడవలసినవను ఈ ఒక్క విషయము హృదయగతమైన విద్యార్థికి, రౌటర్లు దారులను తమలో తామే తెలుపుకొను ఓఎస్‌పీఎఫ్ మొదలగు పై పాఠములు భయము గొలుపవు.

దూరముననున్న రౌటరులోనికి ప్రవేశించుటకు టెల్‌నెట్‌ను విడిచి ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడవలెను. టెల్‌నెట్‌లో రహస్యపదము సైతము బట్టబయలుగా ప్రయాణించును. అట్టి రౌటరులో ప్రమాదకరమైన మార్పు చేయబోవుటకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని ఆజ్ఞాపించుట జాగరూకుల పద్ధతి. మన మార్పువలన మన దారియే తెగిపోయినను, భద్రపరచలేదు గనుక, పది నిమిషములకు రౌటరు పూర్వస్థితితో తిరిగి లేచును. అంతయు క్షేమమైనచో 'రీలోడ్ క్యాన్సిల్' అని దానిని రద్దుచేయవచ్చును.

ఈ అభ్యాసమునకు డబ్బు వెచ్చించి యంత్రములను కొన నక్కరలేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసికొనువారికి ప్యాకెట్ ట్రేసర్ ఉచితముగా లభించును. అమీర్‌పేట శిక్షణసంస్థలో రుసుము కట్టుటకు ముందే దీనితో ఈ పాఠములను ఇంటియొద్దనే చేసి చూడవచ్చును. తొలి ఉద్యోగము తరచుగా నెట్‌వర్కు ఆపరేషన్స్ సెంటరులో లభించును. అది ఇరువదినాలుగు గంటలు నడచు స్థలము గనుక రాత్రి షిఫ్టులు తప్పవు, దీనికి సిద్ధపడియే అడుగు పెట్టవలెను. ఈ రంగమున ప్రవేశించువారు వ్రాయు సిస్కోవారి సీసీఎన్‌ఏ పరీక్ష 120 నిమిషములది. దాని యోగ్యతాపత్రము మూడేండ్లు చెల్లును. డంపులను, అనగా బయటికి పొక్కిన పరీక్షాప్రశ్నల సంకలనములను, బట్టీపట్టి దానిని గెలిచినవారు ఇంటర్వ్యూలో పై విజయవాడ ప్రశ్న వంటిదానికే తడబడుదురు. కావున మూడు రౌటర్లను ఖాళీ స్థితినుండి పుస్తకము చూడక కలిపి, స్నేహితునిచే రహస్యముగా ఒక దారిని తీసివేయించి, లోపమెక్కడనో మీ అంతట మీరు కనుగొనగలిగిన పిమ్మటనే పరీక్షాశుల్కము చెల్లింపుడు.